బిల్లు తగాదాలో రోగి గుట్టు



రోగుల సమాచారం బయటికి పొక్కిందనగానే మనకు హ్యాకర్లే గుర్తొస్తారు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు మొరాయించి, పనులన్నీ మళ్ళీ చేత్తో రాసుకోవలసి వచ్చినప్పుడు దేశమంతా మాట్లాడుకున్నది వాళ్ళ గురించే. ఆ ప్రమాదం నిజమే. ఈ సాయంత్రం నేను మాట్లాడదలచింది మాత్రం ఇంకోరకం ద్రోహం గురించి. ఇందులో దొంగ బయటి నుంచి రాడు. ఆసుపత్రే తన రోగి జబ్బును తెలిసి తెలిసి నలుగురిలో పెడుతుంది. అందుకు అదను దొరికేది బిల్లు దగ్గర మాటామాటా వచ్చినప్పుడు. బిల్లును ప్రశ్నించిన మనిషి నోరు మూయించడానికి అతని జబ్బుకన్నా సులువుగా చేతికందే సాధనం ఆసుపత్రికి ఇంకొకటి లేదు. రోగి గోప్యతను మనం ఇన్నాళ్ళూ సిగ్గుకూ మర్యాదకూ సంబంధించిన విషయంగా చూస్తూ వచ్చాం. ఆసుపత్రిని లెక్క అడిగే హక్కు కూడా ఆ గోప్యత మీదే నిలబడి ఉందని, గోప్యత పోయిన చోట ఆ హక్కు కాగితానికే పరిమితమవుతుందని నా వాదన.

దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ అమెరికాలో ఉంది. కాలిఫోర్నియా ఉత్తర భాగంలో రెడింగ్ అనే ఊరు. అక్కడి శాస్టా రీజనల్ మెడికల్ సెంటర్ 2011 నాటికి ప్రైమ్ హెల్త్‌కేర్ సంస్థ చేతిలో ఉంది. ఆ సంస్థను 2001లో స్థాపించినది తెలుగువాడైన డాక్టర్ ప్రేమ్ రెడ్డి కాబట్టి ఈ ఉదంతం మనకు మరీ పరాయిది కాదు. 2011లో కాలిఫోర్నియా వాచ్ అనే పరిశోధక పత్రికాసంస్థ ప్రైమ్ ఆసుపత్రులు మెడికేర్‌కు పంపిన బిల్లుల లెక్కలు తీసింది. మెడికేర్ అంటే ప్రధానంగా 65 ఏళ్ళు దాటినవారికి అక్కడి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా. శాస్టాలో రెండేళ్ళలో వెయ్యిమందికి పైగా రోగులకు క్వాషియోర్కర్ ఉన్నట్టు ఆ బిల్లుల్లో రాసి ఉంది. ఈ సభలోని వైద్యవిద్యార్థులకు ఆ జబ్బు తెలుసు. తిండిలో మాంసకృత్తులు చాలక, పొట్ట ఉబ్బి, కాళ్ళకు నీరు పట్టి, జుట్టు రంగు మారిపోయే పసిపిల్లల జబ్బు అది. 1930లలో సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు ఇప్పటి ఘనాలో పనిచేస్తూ దాన్ని వైద్యలోకానికి పరిచయం చేసింది. తిండి కరువైన నేలల్లో పసివాళ్ళకు వచ్చే జబ్బు కాలిఫోర్నియా వృద్ధులకు వందల సంఖ్యలో ఎలా వచ్చిందన్నదే పత్రిక అడిగిన ప్రశ్న. బిల్లులో ఆ జబ్బు కోడ్ చేరితే మెడికేర్ ఆసుపత్రికి చెల్లించే మొత్తం పెరుగుతుంది.

ఆ బిల్లుల్లో ఒకటి ఎవరి పేర ఉందో ఆ రోగి తన కాగితాలు పాత్రికేయులకు చూపించింది. ఆమె పేరూ ఒంటి బాధలూ ఆనాటి పత్రికల్లో ఉన్నాయి. ఈ ఉపన్యాసానికి వాటితో పనిలేదు. ఆ తర్వాత ఆసుపత్రి చేసిన పనిని అమెరికా ఆరోగ్యశాఖలోని పౌరహక్కుల విభాగం నమోదు చేసింది. 2011 డిసెంబరులో ఆసుపత్రి పెద్దలు ఆమె చికిత్స వివరాలను కనీసం మూడుసార్లు వేర్వేరు వార్తాసంస్థలకు చెప్పారు. ఆమె దగ్గర రాతపూర్వకమైన అనుమతి తీసుకోలేదు. అది చాలదన్నట్టు ఆమె ఆరోగ్యస్థితి, రోగనిర్ధారణ, చికిత్స గురించి ఆసుపత్రి సిబ్బంది మొత్తానికి ఈమెయిల్ వెళ్ళింది. రాష్ట్ర ప్రజారోగ్యశాఖ 95,000 డాలర్ల జరిమానా వేసింది. 2013 జూన్‌లో కేంద్ర శాఖతో 2,75,000 డాలర్లకు రాజీ కుదిరింది. బిల్లుల వ్యవహారం విడిగా నడిచింది. 2018లో మెడికేర్‌కు తప్పుడు బిల్లులు పంపారన్న ఆరోపణల మీద ప్రైమ్ సంస్థ, డాక్టర్ రెడ్డి కలిసి 6.5 కోట్ల డాలర్లు చెల్లించి, బాధ్యత రుజువు కాకుండానే రాజీపడ్డారు.

ఇక్కడ జరిమానాలకన్నా ఆ ఈమెయిల్ నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. పత్రికల దగ్గరికి వెళ్ళడానికి ఒక కారణమైనా చెప్పుకోవచ్చు, పరువు కాపాడుకోవాలని. ఆ రోగి మొహం ఎన్నడూ చూడని ఉద్యోగులకు ఆమె కేస్ షీట్‌తో ఏం పని? ఆసుపత్రి ఉద్దేశం ఏదైనా కానీయండి, దాని ఫలితం ఒకటే. రెడింగ్ లాంటి చిన్న ఊళ్ళో ఆ ఉద్యోగులే ఇరుగుపొరుగు, వాళ్ళే బంధువులు, రేపటి రోగులూ వాళ్ళే. ఇక్కడి బిల్లును ప్రశ్నిస్తే ఏమవుతుందో వాళ్ళందరికీ ఒక్క రోజులో తెలిసిపోయింది. ఆ తర్వాత బిల్లు మీద అనుమానం వచ్చినా ఎందరు నోరు మెదుపుతారు? నోరు మెదపనివాళ్ళ లెక్క ఏ విచారణలోనూ తేలదు. గోప్యత ఉల్లంఘనకు మనం కట్టే విలువలో ఈ మౌనం ఎప్పుడూ చేరదు.

దీనికి ఆసుపత్రుల తరఫున ఒక బలమైన సమాధానం ఉంది, దాన్ని తేలిగ్గా తోసెయ్యకూడదు. రోగి తానే పత్రికకెక్కింది కదా. మా మీద నింద వేస్తూ తన జబ్బు గురించి తానే చెప్పుకున్నాక, మేము మాత్రం నోరు కట్టుకు కూర్చోవాలా? న్యాయంగానే వినిపించే మాట ఇది. అయితే రోగి తన జీవితంలోంచి ఒక్క విషయాన్ని, తాను ఎంచుకున్నంత మేరకు బయటపెట్టింది. కేస్ షీట్‌లో ఆ తగాదాతో సంబంధం లేనివి ఎన్నో ఉంటాయి. పాత జబ్బులు, వాడే మందులు, అలవాట్లు, ఇంట్లో పరిస్థితులు, డాక్టరు మీద నమ్మకంతో చెప్పినవి, మత్తులో ఉండగా చెప్పినవి. తనకు సంబంధించినదాన్ని చెప్పుకునే స్వేచ్ఛ రోగిది. అది ఆసుపత్రికి బదిలీ కాదు. పైగా రోగి చేతిలో ఉన్నది ఒక్క బిల్లు, ఆసుపత్రి చేతిలో ఉన్నవి వేలమంది రికార్డులు. ఇద్దరికీ ఒకే స్వేచ్ఛ ఇస్తే సమానత్వం రాదు. ఆసుపత్రికి దారులు లేకపోలేదు. రోగి సంతకం చేసి ఒప్పుకుంటే రికార్డు మొత్తం చూపిస్తామని బహిరంగంగా అనవచ్చు. రికార్డులు చూసే అధికారమున్న ఆడిటర్ల ముందు పెట్టవచ్చు. ఎవరి పేరూ ఎత్తకుండా ఏ లక్షణాలుంటే ఆ కోడ్ వేస్తున్నారో వివరించవచ్చు. శాస్టా విషయంలో అడిగిన ప్రశ్న వెయ్యి బిల్లుల గురించి. దానికి ఒక మనిషి కేస్ షీట్ జవాబు కానే కాదు.

ఈ పొరపాటు పెద్ద సంస్థలకే పరిమితం కాలేదు. డాలస్‌లో ఒక దంతవైద్యశాల తన మీద ఇంటర్నెట్‌లో ఫిర్యాదు రాసిన రోగికి జవాబిస్తూ, ఇంటిపేరు, చికిత్స, బీమా, ఖర్చు వివరాలు అందరికీ కనబడేలా రాసి 2019లో 10,000 డాలర్లు కట్టింది. న్యూజెర్సీలో ఒక మానసిక చికిత్సాలయం అదేరకం జవాబులో రోగి మానసిక స్థితిని బయటపెట్టి 2023లో 30,000 డాలర్లు కట్టింది.

కోపంలో జరిగినవాటిని అలా ఉంచుదాం. తాపీగా, గుమాస్తా పనిలాగా జరిగే ఉల్లంఘన ఇంకా ప్రమాదకరం. న్యూజెర్సీలోనే ఒక సైకాలజీ క్లినిక్ బాకీపడ్డ రోగుల మీద వసూలు దావాలు వేస్తూ, వాళ్ళ పేర్లతోపాటు మానసిక రోగనిర్ధారణ, చికిత్స వివరాలు ఉన్న బిల్లులను కోర్టు కాగితాలకు జతచేసింది. కోర్టు ఫైలు ఎవరైనా తీసి చదవవచ్చు. 2015 డిసెంబరులో ప్రోపబ్లికా ఈ సంగతి బయటపెట్టింది. 2017లో క్లినిక్ బాధ్యుడి లైసెన్సు మీద రాష్ట్ర ప్రభుత్వం చర్య మొదలుపెట్టింది. బాకీ రుజువు చేయడానికి కావలసినవి పేరు, తేదీ, కుదిరిన ఫీజు, కట్టిన సొమ్ము, మిగిలిన సొమ్ము. మనిషికి కుంగుబాటా, ఆందోళనా, భార్యాభర్తల మధ్య పడటం లేదా అన్నవి అందులో ఎక్కడా అక్కర్లేదు. అవి జతయ్యాక ఆ దావా బెదిరింపుగా మారింది. ఫీజు ఎక్కువ వేశారని కోర్టులో వాదించాలంటే ముందు తన మానసిక రోగం ఆ ఫైలులో ఉందని అందరికీ గుర్తుచేయాలి. అంతకన్నా అడిగినంత కట్టేసి బయటపడటం మేలనుకునేవాడిని ఎవరు తప్పుపడతారు?

మిన్నెసోటాలో అప్పు వసూలు చేసే ఉద్యోగులు ఏకంగా ఎమర్జెన్సీ వార్డులోకే వచ్చారు. ఫెయిర్‌వ్యూ ఆసుపత్రుల్లో అక్రెటివ్ హెల్త్ కంపెనీ చేయించిన ఈ పనిని ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ లోరీ స్వాన్సన్ 2012 ఏప్రిల్‌లో నివేదికగా బయటపెట్టారు. మంచం మీదున్న మనిషిని పాత బాకీ అడిగేవాడికి అతని ఆరోగ్య సమాచారం కూడా అందుబాటులో ఉంది. అంతకుముందు 2011 జూలైలో ఆ కంపెనీ ఉద్యోగి కారులోంచి పోయిన ల్యాప్‌టాప్‌లో సుమారు 23,500 మంది రోగుల వివరాలు ఎన్‌క్రిప్షన్ లేకుండా ఉన్నాయి. కంపెనీ దాదాపు 25 లక్షల డాలర్లు కట్టి ఆ రాష్ట్రం నుంచి తప్పుకుంది. అమెరికన్ మెడికల్ కలెక్షన్ ఏజెన్సీది ఇంకో కథ. ల్యాబుల బాకీలు వసూలు చేసే ఆ కంపెనీలోకి 2018 ఆగస్టు నుంచి 2019 మార్చి దాకా చొరబాటు సాగితే, రెండు కోట్ల మందికి పైగా సమాచారం ప్రమాదంలో పడింది. రక్తపరీక్ష చేయించుకున్నవాళ్ళలో ఆ కంపెనీ పేరైనా తెలిసినవాళ్ళు ఎందరుంటారు?

రోగుల సమాచారాన్ని కాపాడే హిపా లాంటి గట్టి చట్టం ఉన్న దేశంలోనే ఇవన్నీ ఎలా జరుగుతున్నాయంటే, చట్టంలో ఆ తలుపు తెరిచే ఉంది. చికిత్స కోసం, చెల్లింపుల కోసం రోగి అనుమతి లేకుండా సమాచారం వాడుకోవచ్చు. చెల్లింపుల విషయంలో అవసరమైనంత కనీస సమాచారమే వాడాలన్న షరతు ఉంది గాని, ఆ కనీసం ఎంతో ముందుగా తేల్చేది బిల్లు రాసేవాడే. 2013 నుంచి ఇంకో వెసులుబాటు వచ్చింది. చికిత్స ఖర్చంతా సొంత డబ్బుతో కట్టేసిన రోగి, ఆ సంగతి తన బీమా కంపెనీకి చెప్పవద్దని కోరితే ఆసుపత్రి వినితీరాలి. మంచి నియమమే. అయితే డబ్బున్నవాడు గుట్టు దాచుకోగలడు, లేనివాడు దాచుకోలేడు అన్న సంగతి ఆ నియమమే ఒప్పుకుంటోంది.

ఇప్పుడు మన ఆసుపత్రి బిల్లు ఒకటి చేతిలోకి తీసుకుని చూద్దాం. పైన పేరు, వయసు, ఐపీ నంబరు, డాక్టరు పేరు, విభాగం. కింద గది అద్దె, నర్సింగ్ ఛార్జీలు, ల్యాబు. ఆ తర్వాత ఫార్మసీ, వరసగా మందుల పేర్లు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసి ఒక మాత్రగా కనబడితే అది హెచ్ఐవీకని మందుల షాపు కుర్రాడికి కూడా తెలుసు. క్లోజపైన్ ఉంటే స్కిజోఫ్రీనియా అని ఊహిస్తాడు. మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ పక్కపక్కన ఉంటే ఆ అమ్మాయికి గర్భస్రావం అయిందని చెప్పాల్సిన పనిలేదు. క్లెయిమ్ ఫారంలో అయితే ఊహకు కూడా తావులేదు, జబ్బును సూచించే ఐసీడీ కోడ్ రాసి ఉంటుంది. బి20 అంటే హెచ్ఐవీ, ఎఫ్20 అంటే స్కిజోఫ్రీనియా. ఈ కాగితం బిల్లింగ్ కౌంటర్‌లో, బీమా క్లెయిములు చూసే టీపీఏ డెస్కులో, బీమా కంపెనీలో, గ్రూపు పాలసీ అయితే కొన్నిచోట్ల ఆఫీసు హెచ్ఆర్ విభాగంలో చేతులు మారుతుంది. డిశ్చార్జి రోజున కౌంటర్ దగ్గర మొత్తం ఎక్కువేశారని అన్నయ్యో బావగారో గొంతు పెంచితే, లోపలి గుమాస్తా ఒక్కో మందు పేరూ పైకి చదివి లెక్క అప్పజెబుతాడు. వెనక వరసలో ఇరవైమంది నిలబడి ఉంటారు.

ఇక్కడే నా వాదనకు అన్నిటికన్నా చిక్కైన అడ్డంకి ఎదురవుతుంది. ప్రతి వస్తువుకూ విడివిడిగా ధర చూపే బిల్లు కావాలని పోరాడినవాళ్ళు రోగులే. ప్యాకేజీ పేరుతో మొత్తంగా ఒక అంకె వేసి ఇస్తే, వాడని గ్లౌజులకూ ఇవ్వని ఇంజెక్షన్లకూ డబ్బు గుంజినా కనుక్కోలేం. వివరాలు దాచమంటే దోపిడీకి తెర కట్టినట్టవుతుంది కదా? అవుతుంది, ఆ తెర రోగికీ బిల్లుకూ మధ్య కడితే. నేను కట్టమంటున్నది రోగికీ పరాయివాళ్ళకూ మధ్య. వివరాల బిల్లు రోగికీ, అతను పేరు పెట్టి చెప్పినవాళ్ళకూ చేరాలి. కౌంటర్‌లో డబ్బు కట్టేవారికి, ఆఫీసుకు, అప్పు వసూలు చేసేవారికి, దావా వేసే వకీలుకు మొత్తం, తేదీ, రసీదు నంబరు ఉన్న చీటీ చాలు. కంప్యూటర్‌లో తయారయ్యే బిల్లును రెండు రకాలుగా అచ్చువేయడం ఏ ఆసుపత్రికీ భారం కాదు.

మన చట్టాల సంగతికొస్తే, 2002 నాటి వైద్యవృత్తి నీతి నిబంధనలు రోగి రహస్యాలు బయటపెట్టకూడదని డాక్టరును కట్టడి చేశాయి. కోర్టు ఆజ్ఞ, ఒక వ్యక్తికి గాని సమాజానికి గాని స్పష్టమైన ముప్పు, ప్రభుత్వానికి తెలపవలసిన అంటువ్యాధి, ఈ మూడే మినహాయింపులు. బిల్లు తగాదాలో మాట్లాడేది డాక్టరు కాదు గదా. కౌంటర్ గుమాస్తా, పీఆర్వో, టీపీఏ ఉద్యోగి, రికవరీ ఏజెంటు మాట్లాడతారు. వాళ్ళెవరికీ ఆ నిబంధనలు వర్తించవు. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అప్పటినుంచి 18 నెలలకు అమలవుతాయి. ఆ చట్టంలోని 17వ సెక్షన్ చదివితే గుండె గుభేలుమంటుంది. చట్టబద్ధమైన హక్కును గాని క్లెయిమును గాని రాబట్టుకోవడానికి అవసరమైన సందర్భంలో, సమ్మతి, నోటీసు లాంటి బాధ్యతల్లో చాలావాటికి మినహాయింపు ఉంది. భద్రత చూసుకోవాలన్న బాధ్యత మిగులుతుంది. ఆసుపత్రి బాకీ కూడా అలాంటి క్లెయిమే. న్యూజెర్సీ క్లినిక్ చేసిన పనికి ఇక్కడ ఈ సెక్షన్‌ను అడ్డం పెట్టుకుంటే ఏం చేస్తాం? పైగా ఆరోగ్య సమాచారాన్ని సున్నితమైనదిగా విడిగా గుర్తించిన 2011 నాటి ఐటీ నియమాల్లోని తేడా కొత్త చట్టంలో లేదు. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వేయవచ్చు, అది చేరేది ప్రభుత్వ ఖజానాకు. గుట్టు రట్టయిన మనిషికి పరిహారం అడిగే దారిగా ఉన్న ఐటీ చట్టం 43ఏ సెక్షన్‌ను ఈ చట్టమే తొలగిస్తోంది.

మన వార్డుల్లో గుట్టెక్కడిది, పక్క మంచంవాళ్ళకు అన్నీ తెలుసు, ఇంటిల్లిపాదీ డాక్టరు గదిలోకి వస్తారు, ఈ గోప్యత పాశ్చాత్యుల సరుకు అనేవాళ్ళున్నారు. పక్క మంచంవాళ్ళకు తెలిసేది జ్వరమూ కాలు విరగడమూ. హెచ్ఐవీ, టీబీ, గర్భస్రావం, పిచ్చి అని పేరుపడ్డ జబ్బులు మన ఇళ్ళలో ఎంత పట్టుదలగా దాస్తారో, సంబంధం చూసేవాళ్ళు వాటిని ఎంత పట్టుదలగా ఆరా తీస్తారో తెలుగువాళ్ళకు ఒకరు చెప్పాలా? దాచుకోవలసిన అవసరం మన దగ్గరే ఎక్కువ, ఎందుకంటే బయటపడితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, పెళ్ళీ ఇల్లూ కూడా.

మోసాలు పట్టుకోవాలంటే రికార్డులు చూడక తప్పదన్నది మరింత బరువైన మాట. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటినుంచి నెట్‌వర్క్ ఆసుపత్రులు ప్రీ-ఆథరైజేషన్‌కు, అంటే ముందస్తు అనుమతికి, రోగి ఫొటో, రిపోర్టులు, చాలా ఆపరేషన్ల తర్వాత కుట్లు కనబడే ఫొటో పంపుతూ వచ్చాయి. అవసరం లేకుండా గర్భసంచులు తీసేస్తున్నారన్న ఆందోళన పెద్దదైన నేల ఇది. రుజువు అడగడం న్యాయమే. ఆ రుజువు చూడవలసినది పరిశీలించే వైద్యుడు. ఆ ఫొటో ఎవరి ఫోనులో తీశారు, పంపాక చెరిపేశారా, తర్వాత ఎవరెవరు తెరిచి చూశారు అన్నవి నమోదు కావాలి. పేదవాడికి ఉచితంగా వైద్యం చేశాం కాబట్టి అతని ఒంటి మీద మనకు హక్కుందనుకోవడం ప్రభుత్వానికి తగదు. ప్రైవేటు బీమాలో ఈ రికార్డుల గుట్ట ఎంత పెద్దదో 2024లో స్టార్ హెల్త్ ఉదంతంతో తెలిసింది. మూడు కోట్ల పది లక్షల మంది వివరాలు తన దగ్గరున్నాయని హ్యాకర్ చెప్పుకుంటే, క్లెయిమ్ కాగితాలూ వైద్య రిపోర్టులూ టెలిగ్రామ్ చాట్‌బాట్‌లలో దొరికాయని రాయిటర్స్ రాసింది. క్లెయిమ్ తగాదాలో జబ్బు ఎప్పటినుంచి ఉంది, తాగే అలవాటుందా అని అడిగి రాబట్టిన ప్రతి సమాధానమూ అలాంటి గుట్టలోకే చేరుతుంది.

చివరగా కోర్టుల గురించి. 1995లో సుప్రీంకోర్టు వి.పి. శాంత కేసులో వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని తీర్పిచ్చింది. అధిక బిల్లు మీద సామాన్యుడికి అందుబాటులో ఉన్న దారుల్లో జిల్లా వినియోగదారుల కమిషన్ ముఖ్యమైనది. కానీ ఆ కమిషన్ల ఉత్తర్వులు ఫిర్యాది పేరు, ఊరు, జబ్బు, చేసిన ఆపరేషన్‌తో సహా ఇంటర్నెట్‌లో ఉంటాయి. పేరు కొట్టి వెతికితే పదేళ్ళ తర్వాత కూడా దొరుకుతాయి. ఆసుపత్రి ఏమీ బయటపెట్టకపోయినా, న్యాయం అడిగినందుకు రోగి తనంతట తానే తన గుట్టు బయట పెట్టుకోవలసి వస్తోంది. దీనికి విరుగుడు మన చట్టాల్లోనే ఒకచోట ఉంది. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం, బాధితులు కోరితే కోర్టు వాళ్ళ పేరు మార్చి మారుపేరుతో కేసు నడపవచ్చు, మూసిన తలుపుల వెనక వినవచ్చు, వివరాలు ప్రచురించవద్దని ఆదేశించవచ్చు. ఇదే వీలును 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వచ్చే ప్రతి వైద్య ఫిర్యాదుకూ కల్పించాలి. కొత్త సమాచార చట్టంలోని 17వ సెక్షన్ మినహాయింపు బాకీ మొత్తానికి, తేదీలకే వర్తిస్తుందని, రోగనిర్ధారణకు వర్తించదని కేంద్రం స్పష్టం చేయాలి. ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ షరతుల్లో రెండు రకాల బిల్లుల నియమం చేర్చడం రెండు తెలుగు రాష్ట్రాల చేతిలో ఉన్న పని. ఈ సభలో ఆసుపత్రులు నడుపుతున్నవారు చాలామంది ఉన్నారు. ఆ షరతు వచ్చేదాకా ఆగకుండా మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసేవారిని పిలిచి, మందుల పేర్లు లేని రెండో బిల్లు ఒకటి తయారు చేయమని అడగండి.